పైమనసు, లోమనసు: రెంటినీ ఒక మాట మీదికి తెచ్చే స్వీయ హిప్నాసిస్ ఎలా చేయాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి నేను సోంపేట దగ్గర మా పెంకుటింట్లో ఉన్నాను. పెంకులు లేచిపోతున్న చప్పుడు, పెరట్లో కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే విరిగి పడుతున్న చప్పుడు చీకట్లో విన్నాను. ఆ తర్వాత కొన్ని నెలలకు శ్రీకాకుళం పట్టణానికి వచ్చి స్లాబు ఇంట్లో అద్దెకు దిగాం. గోడలు గట్టివి, కిటికీలు బిగువైనవి, భయపడవలసింది ఏమీ లేదని నాకు బాగా తెలుసు. అయినా రాత్రి కాస్త గాలి రేగితే చాలు, గుండె దడదడలాడుతూ లేచి కూర్చునేదాన్ని. ‘ఇది స్లాబు ఇల్లు’ అని వందసార్లు చెప్పుకున్నా ఒళ్లు వినేది కాదు.

మనకు తెలిసిన మనసు ఒకటి చెబుతుంటే, దాని అడుగున ఉన్న మనసు మరొకటి చేయిస్తూ ఉంటుంది. పుస్తకాల్లో వీటిని చేతన మనసు, ఉపచేతన మనసు అంటారు. నాకు పైమనసు, లోమనసు అనడం ఇష్టం. చివరికి విశాఖపట్నంలో ఒక క్లినికల్ సైకాలజిస్టు దగ్గర ఆరుసార్లు కూర్చుని హిప్నోథెరపీ తీసుకున్నాను. ఆవిడ నేర్పిన పద్ధతిని ఇంట్లో సాధన చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను. నేను బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, వైద్యురాలిని కాను. మీ జబ్బేమిటో చెప్పలేను గాని, ఈ సాధన ఎలా చేయాలో ఒక పాఠం చెప్పినట్టు చెప్పగలను.

ముందు భయం తీరాలి

నేను విశాఖ వెళ్తానన్నప్పుడు మా అత్తగారు, “ఎవరికో మనసు అప్పగించి వస్తావా అమ్మా?” అన్నారు. హిప్నాటిజం అనగానే మన పల్లెల్లో వశీకరణం, మందుపెట్టడం గుర్తుకొస్తాయి. వేదిక మీద మనుషుల చేత చిత్రమైన పనులు చేయించే ప్రదర్శనలు చూసినవారికి ఆ అనుమానం ఇంకా బలంగా ఉంటుంది.

నిజానికి ఆ స్థితి మీకు కొత్తది కాదు. గుడి దగ్గర హరికథ వింటూ దోమలు కుట్టినా తెలియకుండా కూర్చున్న రాత్రి ఒకటి మీ జ్ఞాపకాల్లో ఉండే ఉంటుంది. బస్సులో ఏదో ఆలోచిస్తూ దిగవలసిన ఊరు దాటిపోయిన రోజూ ఉండి ఉంటుంది. హిప్నాసిస్ అంటే అలా ఒకే విషయం మీద ధ్యాస నిలిచి, మిగిలినవన్నీ పక్కకు తప్పుకోవడం. అన్నీ వినిపిస్తూనే ఉంటాయి. ఫ్యాను చప్పుడు తెలుస్తుంది, వీధిలో కూరగాయల బండి కేక తెలుస్తుంది. లేవాలనుకుంటే లేవగలరు. ఇష్టం లేని మాటను మనసు పక్కకు నెట్టేస్తుంది.

1840లలో మాంచెస్టర్‌లో పనిచేసిన జేమ్స్ బ్రెయిడ్ అనే స్కాటిష్ సర్జన్ వల్ల హిప్నాటిజం అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది. గ్రీకు భాషలో నిద్రకున్న మాట నుంచి పుట్టిన పేరది. ఇది నిద్ర కాదని, ఒకే భావం మీద మనసు నిలవడమని కొన్నేళ్లకు ఆయనే తెలుసుకుని పేరు మార్చాలని చూశాడు. అప్పటికే పాత పేరు స్థిరపడిపోయింది. మన దేశానికీ ఈ చరిత్రలో చోటుంది. క్లోరోఫామ్ ఇంకా వాడుకలోకి రాకముందు, 1845లో, బెంగాల్‌లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డెయిల్ అనే వైద్యుడు రోగులను ఇలాంటి స్థితిలోకి తీసుకెళ్లి శస్త్రచికిత్సలు చేశాడు.

అందరికీ ఒకే లోతు రాదు. సుమారుగా పదిమందిలో ఒకరిద్దరు చాలా తేలిగ్గా లోతుకు వెళ్తారు. ఒకరిద్దరికి దాదాపు ఏమీ అనిపించదు. మిగిలినవారందరూ మధ్యలో ఉంటారు. నేను మధ్యరకమే, అయినా నాకు పని జరిగింది.

ఎవరు ఒంటరిగా చేయకూడదు

ఈ భాగాన్ని దయచేసి దాటవేయకండి. లేని మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారన్న నమ్మకం, ఉన్మాదం, కుంగుబాటు మార్చిమార్చి రావడం, మూర్ఛ వంటివి ఉన్నవారు, గతంలో ఉన్నవారు వైద్యుడి సలహా లేకుండా ఈ సాధన మొదలుపెట్టకూడదు. పెద్ద దెబ్బతిన్న జ్ఞాపకం ఉన్నవారు, అంటే హింస, అత్యాచారం, కళ్లముందు జరిగిన చావు వంటివి చూసినవారు మొదటి అడుగు నిపుణుల సమక్షంలోనే వేయాలి. నా తుపాను భయానికి కూడా అందుకే మనిషి తోడు తీసుకున్నాను. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వం నడిపే ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు.

ఇంకొక్క మాట. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో బాధపడే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. మనోశక్తితో కిడ్నీలు బాగుచేస్తామని ఎవరైనా గడప తొక్కితే నమ్మకండి. డయాలసిస్ మధ్యలో వచ్చే దిగులును, సూది భయాన్ని తగ్గించుకోవడానికి ఈ సాధన తోడుగా ఉండవచ్చు. డయాలసిస్‌కు, మందులకు ఇది బదులు కాదు. బీపీ, షుగరు మాత్రలకూ అంతే.

మొదటి అడుగు: తగువు ఏమిటో రాసుకోండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఒక్క సమస్యనే ఎంచుకోండి. నిద్ర, కోపం, పరీక్ష భయం, సిగరెట్టు అన్నీ ఒకేసారి మొదలుపెట్టినవాళ్లను చూశాను, రెండో వారానికి అన్నీ వదిలేశారు.

పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పైమనసు మాట, కుడివైపు లోమనసు మాట. నా పేజీలో ఎడమవైపు ఇలా ఉంది: ‘ఇల్లు గట్టిది, హాయిగా పడుకో.’ కుడివైపు రాయడానికి మూడు రోజులు పట్టింది. లోమనసు మాటలతో చెప్పదు. ఒంటితో చెబుతుంది. అందుకని భయం వచ్చిన క్షణంలో ఒళ్లు ఏమి చేస్తోందో గమనించి, దాన్ని మాటల్లో పెట్టాలి. నా కాళ్లు మంచం దిగడానికి సిద్ధమయ్యేవి, చెవులు కప్పు వైపు నిక్కబొడుచుకునేవి. అంటే అది చెబుతున్నది ఇది: ‘గాలి వస్తే మేలుకో, లేకపోతే పోతావు.’

ఈ వాక్యం రాసుకున్న రోజు నేను చాలాసేపు ఏడ్చాను. ఆ రాత్రి నేను మేలుకుని ఉన్నందువల్లే పిల్లల్ని లేపి పక్కవారి డాబా ఇంటికి చేర్చగలిగాం. మా వంటగది కప్పు ఆ తర్వాత కూలింది. నన్ను ఇన్నాళ్లూ సతాయిస్తున్నదని తిట్టుకున్న లోమనసు ఒకప్పుడు మా ప్రాణాలు కాపాడిన కావలిమనిషి. దానికి తుపాను వెళ్లిపోయిందని ఎవరూ చెప్పలేదు, అంతే.

మీ కుడివైపు పేజీలోనూ ఇలాంటి కావలిమనిషే ఉంటాడు. పదిమందిలో నోరు విప్పలేని కుర్రవాడి లోమనసు, ఎప్పుడో తరగతిలో అందరూ నవ్విన అవమానం మళ్లీ జరగకుండా చూస్తూ ఉంటుంది. రాత్రి పన్నెండు దాకా ఫోను వదలలేని ఇల్లాలి లోమనసు, రోజంతటిలో తనదంటూ మిగిలిన ఆ ఒక్క గంటను కాచుకుంటూ ఉంటుంది. అది దేన్ని కాస్తున్నదో తెలుసుకోకుండా ఎన్ని ఆజ్ఞలు జారీచేసినా మీ మాట చెల్లదు. ఈ సాధనలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే అడుగు ఇదే. దీనికి వారం పట్టినా పట్టనివ్వండి.

రెండో అడుగు: మాట తయారుచేయండి

సంకల్పబలం గట్టిగా ఉంటే చాలనుకుంటాం. ఎమిల్ కూయే అనే ఫ్రెంచి మందుల దుకాణదారు వందేళ్ల కిందటే దీన్ని కాదన్నాడు. సంకల్పానికీ ఊహకూ పోటీ పడితే ఊహే గెలుస్తుందని ఆయన చెప్పేవాడు. మన పక్క పంటకాలువ మీద వేసిన తాటిదుంగను తలచుకోండి. అదే దుంగ నేల మీద పడి ఉంటే చిన్నపిల్లలు కూడా దాని మీద పరుగెత్తుతారు. కాలువ నిండుగా పారుతుంటే పెద్దవాళ్ల కాళ్లు వణుకుతాయి. దుంగ వెడల్పు తగ్గలేదు. పడిపోతున్న బొమ్మ కళ్లముందుకు వచ్చింది. ‘పడకూడదు, పడకూడదు’ అనుకున్నకొద్దీ ఆ బొమ్మ ఇంకా స్పష్టమవుతుంది.

కాబట్టి మీరు చెప్పుకునే మాటలో వద్దనుకుంటున్నది కనిపించకూడదు. ‘నేను భయపడను’ అనకండి, అందులో భయం ఉంది. ఏం జరగాలో అది చెప్పండి, అదీ ఒంటికి తెలిసేలా. నా వాక్యం ఇది: ‘గాలి చప్పుడు వినగానే నా భుజాలు దిగుతాయి, ఊపిరి నెమ్మదిస్తుంది, కప్పు గట్టిగా ఉందని నా వీపుకు తెలుస్తుంది.’

ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు మా వీధిలో చాలామంది. వారిలో ఒకమ్మాయికి ఇలా రాయించాను: ‘ప్రశ్నపత్రం అందగానే నా పాదాలు నేలకు ఆనుతాయి, మొదటి ప్రశ్నను నిదానంగా చదువుతాను.’ ఆ అమ్మాయి ముందు రాసుకున్న మాట ‘నాకు మొదటి ర్యాంకు వస్తుంది’. నేను ఒప్పుకోలేదు. లోపల ఎవరూ నమ్మని మాట పైన ఎన్నిసార్లు చెప్పినా దిగదు. నమ్మగలిగినంత చిన్నదిగా ఉండాలి.

మాట మీ ఇంటి మాటలో ఉండాలి. శ్రీకాకుళం యాసలో ఆలోచించేవారు ఆ యాసలోనే రాసుకోండి. పత్రికల తెలుగులో రాస్తే పైమనసుకు అందంగా ఉంటుంది గాని, లోమనసు మీ అమ్మ పిలిచిన మాటకే పలుకుతుంది. కావలిమనిషికి కృతజ్ఞతగా ఒక ముక్క కూడా కలపండి. నేను, ‘నన్ను కాపాడావు, ఇక నువ్వూ పడుకో’ అని కలుపుకున్నాను.

మూడో అడుగు: వేళ, చోటు

రోజూ ఒకే వేళ, ఒకే చోటు, పదిహేను ఇరవై నిమిషాలు. తిన్న వెంటనే వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. వెన్ను ఆనించుకునే కుర్చీ మంచిది. ఫోను మూగగా పెట్టండి. ఇంట్లోవాళ్లకు చెప్పి కూర్చోండి. మన ఇళ్లలో పూర్తి నిశ్శబ్దం దొరకదు. గుడి మైకు, రైలు కూత, మిక్సీ ఏదో ఒకటి ఉంటుంది. వాటితో పోట్లాడకండి, ‘ఈ చప్పుడు వింటూ ఇంకా లోపలికి వెళ్తున్నాను’ అనుకోండి. బండి నడుపుతున్నప్పుడు, పొయ్యి దగ్గర ఉన్నప్పుడు ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. అలా నడిపేటప్పుడు ఈ రకం రికార్డింగులు వినడం కూడా ప్రమాదమే.

నాలుగో అడుగు: లోపలికి దిగడం

కళ్ల ఎత్తుకన్నా కొంచెం పైన, గోడ మీద ఒక చుక్కను చూడండి. మేకు చాలు, కేలెండరు మూల చాలు. తల ఎత్తకుండా కళ్లు మాత్రమే పైకెత్తాలి. బ్రెయిడ్ కాలం నుంచి ఉన్న పద్ధతి ఇది. కాసేపటికి రెప్పలు బరువెక్కుతాయి. బరువెక్కనివ్వండి. ఊపిరి వదిలే సమయం పీల్చే సమయం కన్నా కొంచెం పొడవుగా ఉండేలా చూసుకోండి. ఏడెనిమిది శ్వాసల తర్వాత రెప్పలు వాలిపోతాయి.

ఇప్పుడు నుదురు, దవడ, మెడ, భుజాలు, చేతులు, పొట్ట, తొడలు, పాదాలు. ఒక్కొక్క చోటికి ధ్యాస తీసుకెళ్లి, ఊపిరి వదిలేటప్పుడు అక్కడి బిగువు వదలండి. దవడ దగ్గర ఎక్కువసేపు ఉండండి. మనలో చాలామంది బాధంతా అక్కడే కొరికి పట్టుకుంటాం.

తర్వాత మెట్లు. మీకు బాగా తెలిసిన మెట్లు కావాలి, ఎందుకంటే పాదానికి జ్ఞాపకం ఉంటుంది. నాకు అరసవల్లిలో ఇంద్రపుష్కరిణి మెట్లు. తెల్లవారి ఎండ, తడిసిన రాయి చల్లదనం, అరికాలికి తగిలే గరుకు. పది నుంచి ఒకటి వరకు లెక్కపెడుతూ, ఊపిరి వదిలినప్పుడల్లా ఒక మెట్టు దిగుతాను. నీళ్లంటే భయమున్నవారు మీ తాతగారింటి డాబా మెట్లు దిగి పెరట్లోకి వెళ్లండి. ఒకటి దగ్గరకు వచ్చేసరికి ఒళ్లు బరువుగానో తేలిగ్గానో, చేతులు దూరంగా ఉన్నట్టుగానో అనిపించవచ్చు. ఏమీ అనిపించకపోయినా పర్వాలేదు, ముందుకు సాగండి. ‘దిగానా లేదా’ అని తనిఖీ చేస్తూ కూర్చుంటే పైమనసు మళ్లీ మెట్లెక్కి వచ్చేస్తుంది.

ఐదో అడుగు: మాట నాటడం

మీ వాక్యాన్ని లోపల నెమ్మదిగా పలకండి. ప్రతిసారీ మధ్యలో రెండు శ్వాసలు విడవండి. ఐదారుసార్లు చాలు. తర్వాత బొమ్మ కట్టండి. నేను మా శ్రీకాకుళం గదినే చూసేదాన్ని. కిటికీ పరదా కదులుతుంది, గాలి మొదలవుతుంది, నా భుజాలు దిగుతాయి, అటు తిరిగి పడుకుంటాను. మొదటి వారం చిన్న గాలి మాత్రమే. రెండో వారం కొబ్బరాకులు కొట్టుకునే చప్పుడు. నాలుగో వారానికి గాని పెద్ద హోరు జోలికి పోలేదు. ఒకేసారి తుపానును రప్పించుకుంటే పాత భయమే గట్టిపడుతుంది. బొమ్మ మధ్యలో గుండె వేగం పెరిగితే ఆపి, మెట్ల మీదికి తిరిగి వచ్చి, ఊపిరి సర్దుకున్నాక చిన్న దృశ్యంతో మొదలుపెట్టండి. రెండు మూడుసార్లు అలాగే జరిగితే ఆ పని నిపుణుల దగ్గరికి తీసుకెళ్లండి.

మళ్లీమళ్లీ చేయడం విసుగనిపించినప్పుడు నాకు పొందూరు గుర్తొస్తుంది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, సన్నఖాదీకి నూలు వడికే ఆడవాళ్లను అక్కడ చూశాను. ఒక చేయి రాట్నం తిప్పుతుంది, రెండో చేయి ఏకు నుంచి పోగు లాగుతుంది. మనతో కుటుంబ విషయాలు మాట్లాడుతూనే ఉంటారు, పోగు తెగదు. ఎంత లాగాలో ఆ చేతిని అడగాలి, మనిషిని అడిగితే చెప్పలేదు. మొదట్లో ఎన్నో పోగులు తెగి ఉంటాయి. తెగిన ప్రతిసారీ అతికి మళ్లీ తిప్పారు. లోమనసుకు చదువు ఆ దారిలోనే వస్తుంది.

ఆరో అడుగు: తిరిగి రావడం

హఠాత్తుగా లేవకండి. ఒకటి నుంచి ఐదు వరకు లెక్కపెట్టండి. మూడు దగ్గర వేళ్లు కదపండి, నాలుగు దగ్గర గట్టిగా ఊపిరి పీల్చండి, ఐదు దగ్గర కళ్లు తెరవండి. మంచినీళ్లు తాగండి. మత్తుగా ఉంటే మొహం కడుక్కుని కాసేపు నడవండి. పూర్తిగా తేటపడ్డాకే బండి తీయండి. రాత్రి పడుకునే ముందు చేస్తే లెక్క అవసరం లేదు, అలాగే నిద్రలోకి జారిపోవచ్చు.

ఏడో అడుగు: పగటికి ముడి వేయడం

కుర్చీలో చేసింది కుర్చీలోనే ఉండిపోతే ప్రయోజనం లేదు. లోపల బాగా నెమ్మదిగా ఉన్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు కలిపి తేలిగ్గా నొక్కండి, అప్పుడే మీ వాక్యం పలకండి. రెండు వారాల తర్వాత పగలు చిన్న ఇబ్బందుల్లో వాడి చూడండి. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం తోపులాట, బ్యాంకులో పొడవాటి వరుస. ముందు చిన్నవాటిలో పనిచేశాకే పెద్దదానికి వాడాలి. ‘ఫలానాది జరిగితే, ఫలానాది చేస్తాను’ అని ముందే ఖాయం చేసుకున్నవారు అనుకున్న పనిని ఎక్కువగా చేయగలుగుతారని మనస్తత్వ పరిశోధనల్లో తేలింది. వేళ్లు కలపడం ఆ ఒప్పందానికి గుర్తు.

ఎన్నాళ్లు?

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు మారిపోతుందని అందరూ చెబుతారు. లండన్‌లో 96 మందిని గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, కొత్త అలవాటు కుదురుకోవడానికి సుమారు 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరి లెక్క 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉంది. అందుకని రెండు నెలలు గడువు పెట్టుకోండి. నోటుబుక్కులో తేదీ, ఎంతసేపు చేశారు, ఆ రోజు సమస్య పదికి ఎన్ని పాళ్లు ఉంది, ఈ మూడే రాయండి. నా పుస్తకంలో మొదటి నెల ఎనిమిది, తొమ్మిది, ఎనిమిది. ఐదో వారంలో ఒక ఆరు కనిపించింది. ఆ ఆరు చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టాను. మధ్యలో రోజులు తప్పితే మర్నాడు కూర్చోండి, లెక్క మొదటికి తేనక్కరలేదు.

మనిషి సాయం కావాలంటే

విశాఖ వెళ్లకముందు నేను ఒకచోట మోసపోయాను. ఒక్క పూటలో భయం పోగొడతానని ముందే డబ్బు తీసుకుని, నా భయానికి కారణం గత జన్మలో నీట మునిగి చావడమని చెప్పారు. ఆ మాట నెలరోజులు నన్ను వదల్లేదు, ఉన్న భయానికి నీటి భయం తోడైంది. ఆ స్థితిలో సూచనలు తేలిగ్గా నాటుకుంటాయి కాబట్టి, జరగనిది జరిగినట్టు జ్ఞాపకాలు పుట్టే ప్రమాదం నిజంగా ఉంది. మరచిపోయిన సంగతులు తవ్వి తీస్తామనేవారికి దూరంగా ఉండండి.

వెళ్లేముందు ఏం చదివారని అడగండి. క్లినికల్ సైకాలజిస్టులకు భారత పునరావాస మండలిలో నమోదు ఉంటుంది, ఆ నంబరు అడిగితే తప్పుగా అనుకోరు. మానసిక వైద్యులైతే ఎంబీబీఎస్ తర్వాత మనోవైద్యంలో పీజీ చేసి ఉంటారు. మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెట్టడం మంచిది. ఆడవాళ్లు తోడుగా ఒకరిని గదిలో కూర్చోబెట్టుకుంటామంటే కాదనే చోట అడుగు పెట్టకండి. పూర్తిగా నయం చేస్తానని హామీ ఇస్తే లేచి వచ్చేయండి. మంచివారు ముందు మీ మాట గంటసేపు వింటారు, మీ మందుల పేర్లు అడుగుతారు, చివరికి మీరే ఒంటరిగా చేసుకోగలిగేలా నేర్పుతారు.

నేను ఇప్పుడు వారానికి రెండుసార్లే కూర్చుంటున్నాను. సెప్టెంబరు మొదలవగానే మాత్రం మళ్లీ రోజూ కూర్చుంటాను, అక్టోబరు గాలులు వచ్చేసరికి మాట పదునుగా ఉండాలి కదా. మీ పరీక్ష, మీ ఆపరేషను, మీ ఇంట్లో పెళ్లి, దేనికోసం చేస్తున్నారో దానికి కనీసం ఆరు వారాల ముందు మొదలుపెట్టండి. ఈ రాత్రికి నోటుబుక్కులో గీత గీసి, ఎడమవైపు వాక్యం ఒక్కటి రాసి పడుకోండి. కుడివైపు ఖాళీగానే ఉండనివ్వండి.